లారీ చక్రాల బేరింగులు: మీ సందేహాలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చక్రాల బేరింగుల గురించే. ఒకే సందేహం రాసినవాళ్లందరికీ కలిపి ఒక్క జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మా లారీ ముందు చక్రం లోపలి బేరింగు పోయింది. పాతదాని మీద 32310 అని ఉంది. కొట్లో అది లేదని 30310 చేతిలో పెట్టారు. లోపలి రంధ్రం, బయటి కొలత రెండూ సరిపోతాయి, తేడా ఏమీ ఉండదు అంటున్నారు. బిగించమంటారా?

జవాబు: బిగించకండి. ఇలాంటి నంబర్లలో చివరి రెండు అంకెల్ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది. రెండిటికీ 10 ఉంది కాబట్టి 50 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం కూడా రెండిటికీ 110 మిల్లీమీటర్లే. అంతవరకూ కొట్టువాళ్ల మాట నిజమే. వెడల్పు దగ్గరే తంటా అంతా. 30310 వెడల్పు 29.25 మిల్లీమీటర్లు, 32310ది 42.25. పదమూడు మిల్లీమీటర్లు తక్కువైతే హబ్ (బేరింగుల మీద తిరిగే, చక్రం నడిమి భాగం) ఉండాల్సిన చోట ఉండదు. సీలు పెదవి తన గాడి తప్పుతుంది, డ్రమ్ముకూ లైనర్లకూ పొంతన చెడుతుంది. పైగా పొట్టి రోలర్లు మోసే బరువు తక్కువ.

ఇంతకంటే ప్రమాదకరమైనది 31310. దాని కొలతలన్నీ 30310 కొలతలే: 50, 110, 29.25. క్యాలిపర్ పెట్టి ఎన్నిసార్లు కొలిచినా తేడా దొరకదు. కానీ 30310లో రోలర్ల వాలు 13 డిగ్రీల దాకా ఉంటే, 31310లో 29 డిగ్రీల దాకా ఉంటుంది. రోలర్లతో కూడిన లోపలి రింగును కోన్ అనీ, బయటి రింగును కప్పు అనీ అంటారు. ఒకదాని కోన్‌ను ఇంకోదాని కప్పులో కూర్చోబెడితే రోలరు నిడివి అంతా ఆనదు, ఒక అంచు మాత్రమే ఆనుతుంది. బరువంతా ఆ అంచు మీదే పడి కొద్ది రోజుల్లోనే పెచ్చులు లేస్తాయి. అందుకే కొలత చూసి కాదు, నంబరు చూసి కొనాలి.

అంగుళాల లెక్కలో తయారైన బేరింగులకు కోన్ నంబరు వేరు, కప్పు నంబరు వేరు. ఉదాహరణకు కోన్ హెచ్‌ఎం 218248 అయితే దానికి జోడీ కప్పు హెచ్‌ఎం 218210. రెండు నంబర్లూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. చివరి ఒక్క అంకె మారినా అది వేరే సామానే.

ఇంకో జాగ్రత్త. విప్పినప్పుడు దొరికిన నంబరే అసలైనదని నమ్మేయకండి. ఇంతకుముందు బిగించినవాళ్లు దొరికింది వేసి ఉండవచ్చు. ఇరుసు మీద ఉన్న ప్లేటు నంబరుతో ఇరుసు తయారీదారు విడిభాగాల పుస్తకంలో సరిచూడండి. లారీ మోడల్ పేరు ఒక్కటే చెబితే చాలదు. ఒకే మోడల్‌కు రెండు మూడు రకాల ఇరుసులు రావడం మామూలే.

ప్రశ్న: నంబరు పక్కన సీ3 అని ఉన్న బేరింగే అడగమని ఒకరు చెప్పారు. అది మేలైనదా?

జవాబు: సీ3 అంటే లోపలి ఖాళీ మామూలు కంటే కాస్త ఎక్కువని. బాల్ బేరింగుల్లాంటి, ఖాళీ ముందే కుదిరిపోయే వాటికి ఆ గుర్తుతో పని. లారీ చక్రంలో ఉండే వాలు రోలర్ల బేరింగులో ఖాళీని మీ నట్టే నిర్ణయిస్తుంది. ఇక్కడ సీ3 ఊసే అక్కర్లేదు.

ప్రశ్న: కప్పు నున్నగా, మచ్చ లేకుండా ఉంది. హబ్‌లోంచి ఊడదీయడం కూడా కష్టం. కోన్ ఒక్కటే మార్చి సరిపెట్టుకోవచ్చా?

జవాబు: సరిపెట్టుకోకండి. పాత రోలర్లు కప్పు మీద తమ బాట తాము చేసుకుని ఉంటాయి. అది కంటికి ఆనదు. కొత్త రోలర్లు ఆ బాటలో పూర్తిగా ఆనవు. కోన్, కప్పు ఒకే కంపెనీవి, ఒకేసారి వేయండి. అదే హబ్‌లో రెండో బేరింగును కూడా కడిగి చూడండి. ఒకటి పెచ్చులు లేచి పోయిందంటే ఆ ఉక్కు రజను రెండోదానిలోకి గ్రీజుతోపాటు చేరే ఉంటుంది. మా లెక్కలో రెండూ మార్చడమే మేలు.

ఊడిరాని కప్పుకు మెకానిక్‌లు వాడే ఉపాయం ఒకటుంది. కప్పు లోపలి ముఖం మీద చుట్టూ ఒక వరస వెల్డింగు పెడితే, చల్లారేటప్పుడు అది ముడుచుకుని సులువుగా వచ్చేస్తుంది. హబ్‌ను విప్పి బల్ల మీద పెట్టాకే ఈ పని చేయాలి. హబ్ ఇనుముదైతేనే. అల్యూమినియం హబ్ అయితే దాన్ని మరిగే నీళ్లలో వేడిచేసి తీయండి. మంట పెట్టవద్దు.

కొత్త కప్పును ఎక్కించేటప్పుడు మందంగా ఉన్న అంచు హబ్ లోపలి మెట్టువైపు ఉండాలి. ఇత్తడి కడ్డీతో ఒకసారి ఇటు, ఒకసారి అటు కొడుతూ దించండి. మెట్టుకు ఆనగానే దెబ్బ చప్పుడు మారి గట్టిగా మోగుతుంది. తర్వాత 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్‌తో కప్పుకూ మెట్టుకూ మధ్య చుట్టూ వెతకండి. ఎక్కడా దూరకూడదు. కప్పు వేలితో తోస్తేనే దిగిపోతుంటే హబ్ అరిగిపోయినట్టు. పంచ్‌తో గాట్లు పెట్టి బిగువు తెప్పించడం కొందరి అలవాటు, అది నిలవదు. హబ్ మార్చాల్సిందే. కోన్ మాత్రం స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు కొస) మీద చేత్తోనే జారాలి. అది వదులుగా ఉందని కంగారుపడకండి, దాని అమరికే అంత.

ప్రశ్న: డబ్బా మీద పేరున్న కంపెనీ గుర్తు ఉంది, లోపల సరుకు మీద అనుమానంగా ఉంది. నకిలీని ఎలా పట్టుకోవాలి?

జవాబు: డబ్బాను అచ్చు వేయడం ఎవరికైనా తేలికే, దాన్ని పక్కన పెట్టి బేరింగును చూడండి. డబ్బా మీదా, కోన్ మీదా, కప్పు మీదా నంబర్లు ఒకదానికొకటి కలవాలి. చెక్కిన అక్షరాలు సమంగా, గీత తెగకుండా ఉండాలి. అక్షరాల చుట్టూ ఉక్కు మిగతా చోటి కంటే ఎక్కువ మెరుస్తుంటే అక్కడ సానబెట్టి పాత గుర్తు చెరిపారని అర్థం. వాడేసిన బేరింగులకు మెరుగు పెట్టి కొత్తగా అమ్మే మోసంలో అంచుల పదును పోయి గుండ్రబడి ఉంటుంది, రోలర్ల మీద అడ్డంగా సన్నని గీతలుంటాయి. తుప్పు పట్టకుండా పూసే నూనె పొర లేకపోతే అనుమానించండి. తూకం వేసి కంపెనీ కేటలాగులోని బరువుతో పోల్చడం ఇంకో దారి. బరువు తగ్గితే ఉక్కు ఎక్కడో తగ్గినట్టే.

ఎస్‌కెఎఫ్ అథెంటికేట్ యాప్‌లో ఫొటోలు పంపి అడగవచ్చు. ప్రపంచ బేరింగు తయారీదారుల సంఘం వారి డబ్ల్యూబీఏ బేరింగ్ అథెంటికేటర్ యాప్‌తో డబ్బా మీది చుక్కల కోడ్‌ను పరీక్షించవచ్చు. అయితే కోడ్ డబ్బా గురించే చెబుతుంది, లోపలి సరుకుకు హామీ కాదు. ఇక ‘తయారైన దేశం వేరేది, కాబట్టి నకిలీ’ అనుకోవడం పొరపాటు. పెద్ద కంపెనీలకు చాలా దేశాల్లో కర్మాగారాలున్నాయి.

ప్రశ్న: మంచి కంపెనీ సరుకే వేసినా రెండు నెలలకే మోత మొదలైంది. ఏ కంపెనీది వేస్తే నిలుస్తుంది?

జవాబు: కంపెనీని మార్చే ముందు పోయిన బేరింగును డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో చూడండి. అయ్యో, గాలి పైపు పెట్టి గిరగిరా తిప్పకండి. గ్రీజు లేని రోలర్లు దెబ్బతినడమే కాదు, కేజ్ (రోలర్లను పట్టి ఉంచే చట్రం) విడిపోతే రోలరు తూటాలా ఎగురుతుంది.

రోలర్ల పెద్ద తల వైపు రాసుకుపోయి, ఉక్కు నీలిరంగు తిరిగి ఉంటే నట్టు అతిగా బిగించారు, లేదా గ్రీజు చాలలేదు. రోలర్ల మధ్య దూరానికి సరిగ్గా నల్లటి చారలు, తుప్పు గుంటలు కనిపిస్తే సీలు దాటి నీరు చేరింది. దువ్వెన పళ్లలా పక్కపక్కనే గీతలుంటే లారీ మీద వెల్డింగు చేసినప్పుడు కరెంటు బేరింగు గుండా పోయింది. వెల్డింగు చేసే చోటికి దగ్గరలోనే ఎర్తు క్లిప్పు పెడితే ఈ గొడవ ఉండదు. కప్పులో ఒక పక్కే అరుగుదల ఉంటే కప్పు వంకరగా కూర్చుంది లేదా స్పిండిల్ వంగింది. కప్పు బయటి వైపు మెరుపుదేలి ఉంటే అది హబ్‌లో తిరుగుతోంది.

ఇన్నిట్లో ఎక్కువగా కనిపించేది నట్టు బిగింపు తప్పే. సుత్తీ ఉలీ పెట్టి ‘ఇక తిరగదు’ అనేదాకా కొట్టి, కొంచెం వదిలే పద్ధతిలో ప్లే (హబ్ లోపలికీ బయటికీ కదిలే సందు) ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. రెండు నట్లుండే పెద్ద ఇరుసులకు సాధారణంగా పాటించే క్రమం ఇది. చక్రాన్ని తిప్పుతూ లోపలి నట్టును టార్క్ రెంచితో 270 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి, రోలర్లు తమ చోట కూర్చుంటాయి. తర్వాత పూర్తిగా ఒక చుట్టు వదలండి. మళ్లీ చక్రం తిప్పుతూ 68 దాకా బిగించండి. ఇక ఇరుసును బట్టి ఆరో వంతు నుంచి నాలుగో వంతు చుట్టు వదిలి, వాషరు వేసి, బయటి నట్టు బిగించండి. మీ ఇరుసు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించాలి.

ఇక్కడితో పని అయిపోలేదు. బయటి నట్టు బిగిసినప్పుడు మరల్లోని వదులంతా పోయి లోపలి నట్టు కొద్దిగా ముందుకు జరుగుతుంది. అందుకే కొలత చివర్లోనే తీయాలి. డయల్ గేజ్ అడుగును హబ్ ముఖానికి, ముల్లును స్పిండిల్ కొసకు ఆనించండి. హబ్‌ను రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని, కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ లోపలికి తోసి, బయటికి లాగండి. ముల్లు కదలిక 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. టైరు పైభాగం పట్టుకుని ఊపి చూస్తే ఇంత సన్నని తేడా తెలియదు. ప్లే ఎక్కువైతే బరువు కొన్ని రోలర్ల మీదే పడుతుంది, సీలు కారుతుంది.

గ్రీజు విషయంలో రెండే మాటలు. రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా అరచేత్తో నొక్కి దట్టించండి, కానీ హబ్ బోలును పూర్తిగా నింపకండి. అతిగా నిండిన గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది, సీలును బయటికి తోస్తుంది. పాత గ్రీజు మీద వేరే రకం వేయకండి, పూర్తిగా కడిగాకే వేయండి. ఆయిల్‌తో నడిచే హబ్ అయితే మూతమీది గీతదాకా ఆయిలే పోయాలి. సీలు విప్పిన ప్రతిసారీ కొత్తదే వేయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా నిలవకపోతే బరువు లెక్క చూసుకోండి. రోలరు బేరింగు ఆయుష్షు బరువుకు 10/3 ఘాతం చొప్పున తగ్గుతుంది. అంటే నూటికి ఇరవై అదనంగా ఎక్కిస్తే ఆయుష్షులో సగం కంటే కొద్దిగా ఎక్కువే మిగులుతుంది. ఏ కంపెనీ పేరూ ఆ లెక్కను మార్చలేదు.

ప్రశ్న: కొత్త లారీ హబ్‌లో రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం లాంటి స్పేసరు ఉంది. మెకానిక్ అది తీసేసి పాత పద్ధతిలో బిగిస్తానంటున్నారు.

జవాబు: తీయనివ్వకండి. అక్కడ ప్లేను నట్టు కాదు, ఆ స్పేసరు పొడవే నిర్ణయిస్తుంది. నట్టును పుస్తకంలో చెప్పిన టార్కుకు బిగిస్తే చాలు, వెనక్కి వదలకూడదు. అందులో వేసే బేరింగుల వెడల్పులో తేడా మామూలు వాటికి అనుమతించేదానిలో సగమే ఉండాలి. అదే నంబరు మామూలు బేరింగు వేస్తే ప్లే అదుపు తప్పుతుంది కాబట్టి, ముందే సర్దిన హబ్‌కు కావాలని చెప్పి మరీ అడగండి. సీలుతో సహా ఒకే ముద్దగా వచ్చే యూనిట్ అయితే విప్పే పనే లేదు, మొత్తం మార్చాలి. దాని నట్టు ఒక్కసారి వాడేదని పుస్తకంలో ఉంటే కొత్త నట్టు కూడా తెప్పించుకోండి. బిగించాక పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువ వేయకుండా ఆపి, రెండు వైపుల హబ్‌ల వేడిని పోల్చండి. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే, రెండోది గోరువెచ్చగా ఉంటే, సరుకు దించి మళ్లీ జాకీ ఎత్తండి.