గుంతలు పూడ్చే పనికి పోతున్న బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

మీ నాన్న ఫోన్ చేశాడు, నువ్వు ఉద్యోగం మానేసి కాంట్రాక్టర్‌గా రిజిస్టర్ చేయించుకున్నావని, మొదటి టెండరే స్టేట్ హైవే మీద ప్యాచ్ వర్క్‌కి వేస్తున్నావని. "నువ్వైనా ఆపు అన్నయ్యా" అన్నాడు. సరే ఆపుతాలే అని ఫోన్ పెట్టేసి, మనింట్లో ఇంకో కాంట్రాక్టర్ తయారైంది చూశావా అని మీ పెద్దమ్మ దగ్గర పావుగంట గొప్పలు చెప్పుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నా, ఇంత పొడుగు మెసేజ్ ఎవరు చదువుతారు అనకు.

ముందు చిన్నవి. ఈఎండీ అంటే టెండర్‌తో కట్టే డిపాజిట్, జీఎస్టీ, ఆన్‌లైన్ టెండర్ ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. రేటు వేసే ముందు రోడ్డంతా నడిచి చూడు, బండి మీద కాదు. ఎస్టిమేట్ ఏ నెలలో తయారు చేశారో కనుక్కో, వానలకి ముందు లెక్కపెట్టిన గుంతలు వానల తర్వాత అన్నే ఉండవు. టాక్ కోట్, అదే పాత రోడ్డుకి కొత్తది అతుక్కోటానికి ముందు పూసే పల్చని తారు, ఎగ్గొట్టకు. తడి గుంతలో తారు పొయ్యకు. బిల్లుకి ఆధారమయ్యే ఎం బుక్‌లో, అదే కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. అంతే.

నీళ్ళ సంగతి మాత్రం రెండు ముక్కలు ఎక్కువ చెప్తా. రోడ్డుకంటే మార్జిన్, అంటే పక్కనున్న మట్టి అంచు, ఎత్తుగా ఉన్నచోట ఎంత మంచి తారు వేసినా దండగే, వాన నీళ్ళు పోయే దారిలేక రోడ్డు మీదే నిలబడి కిందకి దిగుద్ది. మార్జిన్ చెక్కటానికి ఎస్టిమేట్‌లో డబ్బు లేదంటే రాతపూర్వకంగా అడుగు, ఇవ్వకపోతే నాలుగు పారలు పెట్టి నువ్వే చెక్కించు, డిఫెక్ట్ లయబిలిటీలో, అంటే పని పాడైతే మన ఖర్చుతోనే బాగుచెయ్యాల్సిన గడువులో, మళ్ళీ వచ్చి పూడ్చేకంటే అదే చవక. ఆ రూట్‌లో ఇసుక లారీలు తిరుగుతాయేమో కూడా చూడు. యాక్సిల్ మీద, అంటే చక్రాల ఇరుసు మీద, బరువు రెట్టింపైతే రోడ్డుకి తగిలే దెబ్బ రెట్టింపు కాదమ్మా, సుమారు 16 రెట్లు, 1950ల చివర్లో అమెరికాలో ఇల్లినాయ్‌లో లారీలు తిప్పి తిప్పి తేల్చిన లెక్క ఇది. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కి 10.2 టన్నుల నుంచి 11.5కి పెంచారు, అది పర్మిషన్ ఉన్న బరువు, ఇసుక లారీ వాడు దాన్ని ఎక్కడ పట్టించుకుంటాడు.

ఇక డబ్బు. జనం ఏమనుకుంటారంటే పెట్రోల్ మీద సెస్సు కడుతున్నాం, టోల్ కడుతున్నాం, ఆ డబ్బంతా ఎక్కడో డబ్బాలో ఉంటది, గుంత పడగానే తీసి పూడ్చేస్తారని. నువ్వు ఇంజినీర్‌వి అయినా నీకూ లోపల ఎక్కడో ఆ నమ్మకం ఉందని నా అనుమానం. సెంటర్ వేసే సెస్సుకి 2000లో చట్టం చేసి ఫండ్ పెట్టారు, 2018లో దాని పేరులో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అని కూడా చేర్చి రైల్వేలు, ఇంకా ఏవేవో అందులోకి తెచ్చారు. టోల్ నేషనల్ హైవే లెక్క. ఆంధ్రాలో 2020 సెప్టెంబర్‌లో రోడ్ల పేరు మీదే లీటరుకి రూపాయి సెస్సు వేశారు. ఇన్ని ఉన్నా నీ గుంతకి వచ్చేది రాష్ట్ర బడ్జెట్‌లో మెయింటెనెన్స్ పద్దులోంచి, అక్కడ జీతాలు, పెన్షన్లు, వడ్డీలు పోయాక రోడ్డు గుర్తొస్తది. కొత్త రోడ్డు వేస్తే శిలాఫలకం ఉంటది, పూడ్చిన గుంతకి ఏముంటది చెప్పు? పల్లె రోడ్లు వేసే సెంటర్ స్కీము పీఎంజీఎస్‌వై వాళ్ళు ఈ విషయంలో కొంచెం నయం, రోడ్డు వేసినవాడే 5 ఏళ్ళు చూసుకోవాలని కాంట్రాక్ట్‌లోనే కలిపేశారు.

మరి బిల్లు వచ్చేదాకా ఆ పనికి డబ్బు పెట్టేదెవరు? నువ్వే. తారుకి ముందు డబ్బు కట్టాలి, దాని రేటు నెలలో 1న ఒకసారి 16న ఒకసారి మారుద్ది, కూలీలకి వారం వారం ఇవ్వాలి, డీజిల్ ఏ రోజుది ఆ రోజే. మా రోజుల్లో జిల్లా రోడ్లకి అప్పిచ్చింది మీ పెద్దమ్మ గాజులు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు.

2005 అక్టోబర్. ఏ డివిజనో వద్దులే. గుంతకి అంచులు నలుచదరంగా, నిలువుగా కోసి, వదులు కంకర ఊడ్చి, అప్పుడు కదా నింపేది. కొలత చదరపు మీటర్లలో కాబట్టి నేను కొంచెం ఉదారంగానే కోయించేవాణ్ణి, గట్టి రోడ్డు దాకా కోయాలి అన్న రూల్ నా బిల్లుకి కూడా కలిసొచ్చింది అనుకో. కోసే గ్యాంగ్ ముందు పోతున్నారు, వెనక హాట్ మిక్స్, అదే ప్లాంట్‌లో వేడిగా కలిపిన తారు కంకర, రావాలి. అప్పటికి నాకు రెండు పనుల బిల్లులు పెండింగ్. సోమవారం పడతాయి అన్నారు, ఆ మాట పట్టుకుని 38 గుంతలు కోయించేశా. సోమవారం పడలేదు. తారు తెప్పించటానికి చేతిలో డబ్బు లేదు, పాత బాకీ తీర్చకుండా ప్లాంట్ వాడు మిక్స్ కలపనన్నాడు, పైగా వాన. మూడు రోజులు ఆ 38 గుంతలు తెరిచి ఉన్నాయి, ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు నాలుగు పాతించాను, అదీ పగలు కనపడేవి.

మూడో రోజు రాత్రి భార్యాభర్తలు బండి మీద వస్తూ పడ్డారు. ఆవిడకి దెబ్బలు తక్కువే, ఆయనకి తొడ ఎముక విరిగింది. హాస్పిటల్‌కి పోయా, ఎవరో పొమ్మంటే కాదు, ఇంట్లో కూర్చోలేక. తిడతాడనుకున్నా. ఆయన మెల్లగా అన్నాడు, "ఆ రోడ్డు మీద ఏడేళ్ళుగా తిరుగుతున్నానండీ, గుంతలన్నీ నాకు తెలుసు, చీకట్లో కూడా తప్పించుకుంటా. ఇది నాకు తెలీని గుంత." నేను పెద్దది చేసిన గుంతే అది. వైద్యం ఖర్చు నేనే పెట్టుకున్నా, ఆయన మాత్రం ఏడాది దాకా సరిగ్గా నడవలేదు. డబ్బు రాలేదు, వాన పడింది, నేనేం చెయ్యను అని అందరికీ చెప్పాను. నిజాలే అవన్నీ. కోయమన్నది మాత్రం నేను.

అందుకే చెప్తున్నా, ఆ రోజు మిక్స్ టిప్పర్ వచ్చి రోడ్డు మీద నిలబడితేనే కోయటం మొదలెట్టు, సాయంత్రానికి పూడ్చగలిగినన్నే కొయ్యి. రేపు బిల్లు పడుద్ది అని ఎవరు చెప్పినా, ఆ చెప్పినాయన ఎంత మంచివాడైనా సరే, ఆ డబ్బుని లెక్కలో పెట్టుకోకు. ఎస్టిమేట్ మీద 25 శాతం లెస్‌కి, అంటే తక్కువకి, టెండర్ వేసి పని కొట్టేయాలని చూడకు, ఆ 25 ఎక్కడ మిగుల్చుకుంటావు, తారులోనేగా? 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఏ అని పెట్టారు, రోడ్డు సరిగ్గా లేక మనిషికి ఏమన్నా అయితే కాంట్రాక్టర్‌కి లక్ష దాకా ఫైన్. నాకైతే ఫైన్ భయం కాదు. నీకు చిన్నప్పుడు మోకాలు గీసుకుంటేనే నేను చూడలేకపోయేవాణ్ణి, నువ్వు హాస్పిటల్ వరండాలో నిలబడటం నేను చూడలేను.

పాత రిఫ్లెక్టర్ బోర్డులు ఆరు, బ్లింకర్ లైట్లు రెండు అటక మీద నుంచి దింపించా. లైట్లకి బ్యాటరీలు మార్చాలి. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు, మీ పెద్దమ్మ ఎలాగూ నిన్ను భోజనం చెయ్యకుండా పంపదు. పని మొదలయ్యాక రోజూ రాత్రి ఫోన్ చెయ్యి, ఎన్ని కోశావు ఎన్ని పూడ్చావు చెప్పు, రెండు నంబర్లూ ఒకటే అయితే పడుకుంటా.

మీ పెదనాన్న