ఓవర్‌క్లాక్ చేస్తే గ్రాఫిక్స్ కార్డు వారంటీ పోతుందా?

తమ్ముడూ, కొత్తగా ఆర్‌టీఎక్స్ 3060 కొన్నావు, ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే కార్డు వేగం పెంచుదామని, ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్లు జరిపితే మూడేళ్ల వారంటీ పోతుందేమోనని అడిగావు. ఆ సెట్టింగులు విండోస్‌లోనే ఉంటాయి, కార్డులోకి ఎక్కవు. రీసెట్ నొక్కితే మళ్లీ మామూలే. వోల్టేజీకి కూడా ఎన్విడియా గట్టి హద్దు పెట్టింది కాబట్టి స్లైడర్లతో కార్డు కాలిపోవడం అరుదు. అయినా, ఓవర్‌క్లాకింగ్ వల్ల పాడైతే వారంటీ రాదని చాలా కంపెనీలు షరతుల్లో రాస్తాయి. నీ కార్డు వారంటీ కాగితం ఒకసారి చదువు. బయోస్ ఫ్లాష్ చేయడం, అంటే కార్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్‌ను మార్చడం, మాత్రం వద్దే వద్దు. అది కార్డులోనే ఉండిపోతుంది, మధ్యలో కరెంటు పోయిందంటే కార్డు లేవకపోవచ్చు.

నా వారంటీ పోయింది ఓవర్‌క్లాక్ వల్ల కాదు. పాత 1660 సూపర్ కార్డుకి మెమరీ క్లాక్ (మెమరీ వేగం) 800 మెగాహెర్ట్జ్ పెంచి వాడేవాణ్ణి. చలికాలమంతా బాగానే నడిచింది. మే నెల వచ్చింది, అనంతపురంలో బయట 42 డిగ్రీలు, నాదేమో మిద్దె మీద గది. గేమ్ మధ్యలో స్క్రీన్ నిండా ఊదారంగు గళ్లు. క్లాక్ తగ్గించి ఉంటే సరిపోయేది. నేను చిప్ వేడిని హీట్‌సింక్‌కు అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందనుకుని, వేడిని లాగే ఆ లోహపు దిమ్మ, హీట్‌సింక్‌ను విప్పాను. నాలుగు స్క్రూల్లో ఒకదాని తల మీద చిటికెన వేలి గోరంత తెల్ల స్టిక్కర్ ఉంది, అదే వారంటీ సీలు. స్క్రూడ్రైవర్ ఆనించగానే చిరిగింది. కొన్ని నెలలకు ఫ్యాన్ ఆగిపోయింది. బస్సెక్కి బెంగళూరు సర్వీస్ సెంటర్‌కు పోతే, అక్కడతను కార్డు వెనక్కి తిప్పి, ఆ స్క్రూ చూసి, ఏమీ అడగకుండా నా చేతిలో పెట్టేశాడు. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. ఆ రోజు పడిన బాధ నువ్వు పడకూడదనే ఇంత రాస్తున్నా.

ఇప్పుడు నా దగ్గరా 3060నే. ఓవర్‌క్లాక్ చేస్తే 70 ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) 74 అయింది, అంతే. మన ఎండలకు అండర్‌వోల్ట్, అంటే వోల్టేజీ తగ్గించి నడపడం, మేలు. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే గ్రాఫ్ వస్తుంది. 900 మిల్లీవోల్టుల దగ్గర చుక్కను 1850 మెగాహెర్ట్జ్‌కు జరిపి, దాని కుడిపక్క గీతను సమంగా ఉంచాను. 170 వాట్లు తాగేది 140 లోపలికి వచ్చింది, వేడి 80 నుంచి 71కి దిగింది. ఆటలో తేడా తెలియలేదు. ఒక్కో కార్డు ఒక్కో రకం, గేమ్ క్రాష్ అయితే 25 మిల్లీవోల్టులు పెంచి చూడు.

షాపువాళ్లిచ్చే బిల్లు అచ్చు మన వేడికి ఏడాదిలోపే వెలిసిపోతుంది. సీరియల్ నంబర్‌తో కలిపి ఈరోజే ఫోటో తీసి పెట్టుకో.