వలయం పెద్దదైతే తైలం బలమైనదేనా?

ప్రశ్న: స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే బాక్టీరియా మీద డిస్క్ పరీక్ష చేశాను (తైలంలో తడిపిన కాగితపు బిళ్లను బాక్టీరియా పరిచిన ప్లేటు మీద పెట్టి, చుట్టూ అది పెరగని వలయాన్ని కొలవడం). లవంగ తైలానికి పెద్ద వలయం, దాల్చినచెక్క తైలానికి చిన్న వలయం వచ్చాయి. లవంగ తైలమే మెరుగని రాయవచ్చా?

జవాబు: రాయకండి. తైలం నీటిలో కరగదు కాబట్టి అగర్‌లో, అంటే బాక్టీరియాను పెంచే జెల్లీలో, సరిగా పాకదు. పైగా ఇంక్యుబేటర్ వేడికి కొంత ఆవిరైపోతుంది. మీరు కొలిచిన వలయంలో తైలం బలమెంతో, అది పాకిన దూరమెంతో విడదీయలేం. ఈ పరీక్ష మొదటి వడపోతకు చాలు, పోలికకు చాలదు.

పోల్చాలంటే 96 గుంటల ప్లేటులో ఎంఐసీ, అంటే బాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు, కనుక్కోండి. ముల్లర్-హింటన్ బ్రాత్‌లో (బాక్టీరియాను పెంచే ద్రవం) 0.5 శాతం ట్వీన్-80 (తైలాన్ని నీటిలో కలిసేలా చేసే పదార్థం) కలిపి పెట్టుకోండి. అందులో కొంత తీసుకుని మి.లీ.కు 20 మైక్రోలీటర్ల చొప్పున తైలం వేసి, పాలలా తెల్లబడేదాకా వోర్టెక్స్ (గొట్టాన్ని వేగంగా కుదిపే యంత్రం) మీద తిప్పండి. దీన్ని మొదటి గుంటలో 200 మైక్రోలీటర్లు, తర్వాతి తొమ్మిదింటిలో తైలం లేని ట్వీన్ బ్రాత్ 100 చొప్పున పోయండి. మొదటి దాని నుంచి 100 తీసి రెండో దాంట్లో, అక్కడి నుంచి మూడో దాంట్లో కలుపుతూ వెళ్లి, పదో గుంట నుంచి తీసిన 100 పారేయండి. చివరగా మి.లీ.కు 10 లక్షల కణాలున్న కల్చర్ (బాక్టీరియా ఉన్న ద్రవం) 100 మైక్రోలీటర్లు ఈ పదింటిలోనూ వేస్తే తైలం మి.లీ.కు 10, 5, 2.5 మైక్రోలీటర్లు... ఇలా దిగుతుంది, కణాలు 5 లక్షలకు వస్తాయి. 11వ గుంటలో ట్వీన్ బ్రాత్, కల్చర్ (ఇక్కడ బాక్టీరియా పెరగాలి). 12వ గుంటలో ట్వీన్ బ్రాత్ ఒక్కటే (ఇక్కడ ఏమీ పెరగకూడదు). 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉంచండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: తైలం ఆవిరి పక్క గుంటల్లోకి దూరి అక్కడి బాక్టీరియానూ ఆపేస్తుంది. 11వ గుంటలో పెరుగుదల మందగించిందంటే ముందు దీన్ని అనుమానించండి. అంటుకునే ఫిల్మ్‌తో ప్లేటును మూయండి, ఒక్కో తైలానికి ఒక్కో ప్లేటు వాడండి. తైలం వల్లే ద్రావణం మసకగా ఉంటుంది కాబట్టి కంటితో చూసి తేల్చకండి. రెజాజురిన్ అనే నీలి రంగు వేస్తే బతికిన కణాలున్న చోట నీలం గులాబీగా మారుతుంది. తైలమే రంగు మార్చేస్తుందేమో తెలియాలంటే కల్చర్ లేని తైలం గుంట ఒకటి అదనంగా ఉండాలి.

ఆగిపోవడం, చావడం ఒకటి కాదు. రంగు వేయకముందే ప్రతి గుంట నుంచి 10 మైక్రోలీటర్లు తీసి మామూలు అగర్ మీద పరవండి. ఆ 10 మైక్రోలీటర్లలో మొదట 5,000 కణాలుంటాయి కాబట్టి, 5 కాలనీలకు మించకపోతేనే 99.9 శాతం చచ్చినట్టు.

ప్రశ్న: బ్రాత్‌లో లిస్టీరియా అనే బాక్టీరియాను ఆపిన మోతాదు వెన్న తీయని పాలలో పనిచేయలేదు. తైలం పాడైందా?

జవాబు: తైలం బాగానే ఉండి ఉంటుంది, కొవ్వులోకి వెళ్లిపోయింది. ఇలాంటి తైలాల్లో పనిచేసే థైమాల్, కార్వాక్రాల్, యూజినాల్ కొవ్వును ఇష్టపడే పదార్థాలు. బాక్టీరియా పొరలోని కొవ్వులో ఇమిడి, పొటాషియం అయాన్లు బయటికి కారిపోయేలా చేయడమే వాటి పని. పాలలో వాటికి అంతకంటే ఎక్కువ కొవ్వు అందుబాటులో ఉంది, బాక్టీరియా మాత్రం నీటి భాగంలో ఉంటుంది. ప్రోటీన్లూ కొంత పట్టి ఉంచుతాయి. మోతాదును ఎన్నో రెట్లు పెంచితే పని జరగవచ్చు, కానీ అప్పుడు ఆ పాలు ఎవరూ నోట పెట్టరు. తక్కువ కొవ్వు, పుల్లదనం, చల్లదనం ఉన్నచోట తక్కువ తైలమే సరిపోతుంది. అలాంటి పదార్థంలో పరీక్షించండి.

ప్రశ్న: సాల్మొనెల్లా బాక్టీరియా ఈ తైలాలకు ఎందుకు మొండికేస్తుంది?

జవాబు: అది గ్రామ్ నెగటివ్, అంటే అదనంగా ఒక బయటి పొర ఉన్న రకం. దాని బయటి పొర కొవ్వును ఇష్టపడే పదార్థాలను అడ్డుకుంటుంది. ఈ.కోలైదీ అదే కథ, సూడోమోనాస్ ఇంకా మొండిది.

ప్రశ్న: వండిన పదార్థంలో రెండు చుక్కల తైలం వేస్తే బయటే ఉంచవచ్చా?

జవాబు: వద్దు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు వంటను తట్టుకుని బతుకుతాయి, చుక్క తైలానికి చావవు. అవి మొలిచి వదిలే వాంతి విషం మళ్లీ వేడిచేసినా పోదు. రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో, 5 డిగ్రీలలోపు పెట్టండి. పలుచన చేయని తైలాన్ని తిండిలో వేయడమే ప్రమాదం. లవంగ తైలం కొద్దిగా మింగినా చిన్నపిల్లల కాలేయం దెబ్బతినవచ్చు.