రుచి మారిందని ఇంగ్లీషులో రాసేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. గోంగూర పచ్చడి గురించి నీవు ఇంగ్లీషులో రాసి పంపిన వ్యాసం చదివాను. పచ్చడి విషయంలో నీకు తెలిసినంత నాకు తెలియదు కానీ, ఇంగువ 'ఎఫెక్ట్స్ ద టేస్ట్' అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ప్రభావం చూపడం అనే క్రియకు 'ఏ' అక్షరంతో మొదలయ్యే 'అఫెక్ట్' రాయాలి. 'ఈ'తో మొదలయ్యే 'ఎఫెక్ట్' సాధారణంగా నామవాచకం. మాటల్లో రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి గనుక ఈ తప్పు చెవికి అందదు, కంటితోనే పట్టుకోవాలి. 'ఎఫెక్ట్' క్రియగానూ అరుదుగా వస్తుంది, అప్పుడు దాని అర్థం కలిగించడం. ఆ లెక్కన నీ వాక్యంలో రుచిని పుట్టించినది ఇంగువే అవుతుంది, పాపం గోంగూర ఊరికే కూర్చున్నట్టు!

అక్షరం దిద్దినా వాక్యం ఇంకా పేలవంగానే ఉంటుంది, ఎందుకంటే 'అఫెక్ట్' రుచి మారిందని చెబుతుందే గాని ఎటు మారిందో చెప్పదు. ముందు మూకుడులో ఏం జరిగిందో చూడు. కాకరకాయ కూరలో ఉప్పు చేదును కొంత అణుస్తుంది; అక్కడ 'మ్యూట్స్' సరిపోతుంది. ఫ్రిజ్‌లో మూత పెట్టని పాలకు ఉల్లిపాయ వాసన పడితే 'టెయింట్స్' అనాలి. 'ఎన్‌హాన్సెస్' అన్నది అప్పటికే ఉన్న గుణాన్ని పెంచడానికే తప్ప కొత్తదాన్ని చేర్చడానికి పనికిరాదు. ఈ మాటను నీవు నాలుగుసార్లు వాడావు, మూడు కొట్టేశాను.

అసలు చిక్కు మన 'రుచి' అనే మాటలో ఉంది. ఇంగ్లీషులో 'టేస్ట్' అంటే, కచ్చితంగా రాసేవారికి, నాలుక పట్టేది: తీపి, పులుపు, ఉప్పు, చేదు, వాటితోపాటు 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా గుర్తించి పేరు పెట్టిన ఉమామి అనే కమ్మదనం. దానికి వాసన కూడా తోడైతే 'ఫ్లేవర్'. నూనెలో వేగిన ఇంగువ ప్రతాపమంతా ముక్కు దగ్గరే గనుక నీ వాక్యానికి 'ఫ్లేవర్' తగినది. మన షడ్రుచుల్లోని కారం ఆ ఐదింటిలో లేదు. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాలనే రేపుతుంది, అందుకే ఇంగ్లీషువాళ్లు 'హాట్' అంటారు. 'స్పైసీ' అని రాస్తే మసాలా దట్టించిన వంటకమనీ అనుకోవచ్చు కాబట్టి 'చిల్లీ హీట్' అని రాయడం మేలు.

చిన్నవి మరి రెండు. పచ్చడి 'టేస్ట్స్ గుడ్' అవుతుంది, 'టేస్ట్స్ వెల్' కాదు. 'ఫ్లేవర్'లో బ్రిటిష్ వారి 'యూ' ఉంచుతావో, అమెరికన్ల లాగా తీసేస్తావో నీ ఇష్టం, అయితే వ్యాసమంతా ఒకే పద్ధతి ఉండాలి.

'సాల్ట్ బికేమ్ లెస్' అన్నది ఉప్పు తక్కువైందన్న మన మాటకు ఇంగ్లీషు చొక్కా తొడగడమే, 'అండర్‌సాల్టెడ్' అను. తాలింపు పేరా తిరగరాసి పంపు, వచ్చే వారం చూస్తాను.