రోమ్ జోలికి పోకు అమ్ములూ

అమ్ములూ,

నీ బోనస్ డబ్బుతో అమ్మని ఓడెక్కిస్తున్నావని తెలిసి పొంగిపోయాను, కానీ మీ ఓడ ఇటలీలోని చివిటావెక్కియా రేవులో ఆగుతుందని వినగానే గుండెల్లో రాయి పడింది.

వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా, చూసుకో. అమ్మ షుగర్ మాత్రలు పెట్టెలో కాదు, నీ చేతిసంచిలో ఉండాలి. రేవు లోపల నడక పెట్టుకోకుండా షటిల్ బస్సెక్కండి.

ఆ రేవుని అందరూ రోమ్ రేవనే అంటారు. రోమ్ అక్కడికి దాదాపు 80 కిలోమీటర్లు తల్లీ! మేమూ అలాగే మోసపోయి పొద్దున్నే రైలెక్కాం. కొలోసియం బయట నుంచి చూశాం, సెయింట్ పీటర్స్ చర్చి దగ్గర క్యూ చూసి వెనక్కి తిరిగాం. తిరుగు రైలు కోసం రోమ్‌లోని టెర్మినీ స్టేషన్లో మీ పెదనాన్న "పద పద" అంటూనే ఉన్నారు, నేను ఫ్రిజ్ మీద అంటించే బొమ్మలు బేరమాడుతూ నిలబడ్డాను. మా రైలు ప్లాట్‌ఫారం స్టేషన్ చిట్టచివర ఉంటుందని నాకేం తెలుసు? ఆయాసపడుతూ చేరేసరికి కళ్లముందే తలుపులు మూసుకున్నాయి. పాస్‌పోర్టులేమో ఓడలో. తర్వాతి రైల్లో ఆయన ఒక్క మాట అనలేదు, చొక్కా మాత్రం చెమటకి ముద్దయిపోయింది, చేతులు వణుకుతున్నాయి, మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు కదా. నా సంచిలో ఒక్క బిస్కెట్ లేదు. రేవులో పరుగెత్తి, ఆఖరి నిమిషంలో ఎక్కాం. ఆ బొమ్మ ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది, ఆయనే అంటించారు.

నీకు రోమ్ చూడాలని ఉంటుంది, తెలుసు. అది వేరే సెలవుల్లో చూడు. మీ అమ్మ మోకాళ్లతో మెట్లూ పరుగులూ వద్దు, విన్నావా?

ఆ ఊరేమైనా తక్కువా? రేవు కట్టించింది రోమన్ చక్రవర్తి ట్రాజన్. నీళ్ల ఒడ్డునే మైకెలాంజెలో పేరుతో పెద్ద కోట, 1508లో మొదలుపెట్టింది. 1943 బాంబుల్లో ఊరు చాలా దెబ్బతింది, అందుకే పాత ఇళ్లు తక్కువ. సముద్రం పక్కన చదునైన దారి, అమ్మని మెల్లిగా నడిపించు. 1615లో అక్కడ దిగిన జపాన్ రాయబారి హసెకురా విగ్రహం కూడా ఉంది. మతం కోసం ప్రాణాలిచ్చిన జపాన్ క్రైస్తవుల పేరున చర్చి ఒకటుంది, అందులోని బొమ్మలో మేరీమాత కిమోనో కట్టుకుని బిడ్డనెత్తుకుని ఉంటుంది, గీసింది జపాన్ చిత్రకారుడే. ఇదంతా ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. రోమ్ పిచ్చిలో ఊళ్లో అడుగే పెట్టలేదు మరి. ఆ మేరీమాత బొమ్మ ఫోటో తీసి నాకు పంపు.

ఓడ వాళ్లు చెప్పిన టైముకి గంట ముందే ఎక్కేయండి. ఎక్కగానే "ఎక్కాం" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టు. ఎండాకాలంలో అక్కడ సాయంత్రం ఆరంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ