'అండర్‌స్టాండ్'లో కింద నిలబడటం ఎందుకుంది?

అసలు అక్కడ 'కింద' అనే అర్థం ఉండకపోవచ్చు. ఈ క్రియ పాత ఇంగ్లీషు 'అండర్‌స్టాండన్' నుంచి వచ్చింది. అప్పట్లో 'అండర్'కి 'నడుమ' అనే అర్థం కూడా ఉండేది. విషయం నడుమ నిలిస్తే అది బోధపడుతుందన్న భావం ఇక్కడ బాగా పొసుగుతుంది. అర్థం చేసుకోవడాన్ని నిలబడటంతో ముడిపెట్టింది ఇంగ్లీషు ఒక్కటే కాదు: జర్మన్ 'ఫెర్‌స్టేయెన్'లోనూ 'నిలబడు' ఉంది.

ఈ మాటకు ఇంకో వాడుక కూడా ఉంది. 'ఐ అండర్‌స్టాండ్ యు ఆర్ లీవింగ్' అంటే 'మీరు వెళ్తున్నారని తెలిసింది' అని. విన్న సంగతిని మర్యాదగా ప్రస్తావించడం.

తెలుగులో 'అర్థమవుతోంది' అంటాం కాబట్టి చాలామంది 'ఐ యామ్ అండర్‌స్టాండింగ్' అనేస్తారు. కానీ 'అండర్‌స్టాండ్' స్థితిని చెప్పే క్రియ, సాధారణంగా 'ఇంగ్' చేర్చరు. పైగా ఆ వాక్యానికి 'నేను ఎదుటివారి ఇబ్బంది ఎరిగి మసలే మనిషిని' అన్న వేరే అర్థం వస్తుంది. 'ఐ అండర్‌స్టాండ్' అంటే చాలు.