లామినేషన్ వద్దమ్మా

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. పెళ్లయ్యాక బెంగళూరులో స్థిరపడ్డాం. మొన్న క్రిస్మస్‌కి వెళ్లినప్పుడు మా బాప్తిస్టు సంఘం పాత రిజిస్టర్ చూశాను. మా తాతగారి బాప్తిస్మం 1912లో అని ఉంది. ఇంట్లోవాళ్లు మాత్రం ఆయన 1896లో పుట్టారంటారు. ఏది నిజం? ఊరి పేరు పక్కన నెల్లూరు జిల్లా అని ఉంది, మాకు తెలిసింది ప్రకాశం కదా! పేజీలు రాలిపోతున్నాయని సంఘ పెద్దలు లామినేషన్ చేయిద్దామంటున్నారు. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: రెండూ నిజం కావచ్చమ్మా. బాప్తిస్టు సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. తనంతట తాను నమ్మి, సంఘం ముందు సాక్ష్యం చెప్పాకే నీళ్లలోకి దించుతారు. కాబట్టి అది మీ తాతగారు పుట్టిన ఏడు కాదు, పదహారేళ్ల కుర్రాడు తన నోటితో ఒప్పుకున్న ఏడు. లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల పుస్తకాల్లో లెక్క వేరు, అక్కడ పసివాళ్లకూ ఇస్తారు.

జిల్లా గురించి బెంగ వద్దు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకుముందు కనిగిరి నెల్లూరు జిల్లాలోనిదే. ఒంగోలు మాత్రం 1904లోనే గుంటూరు జిల్లాలోకి వెళ్లింది. పాత కాగితాలు వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మీ వైపు సంఘాల కథ ఒంగోలు నుంచి మొదలవుతుంది. 1867 జనవరి 1న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారి దగ్గర ఎనిమిది మందితో అక్కడ సంఘం కట్టారు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలబడి ఇచ్చారు. ఇది చదివినప్పుడల్లా నా మనసు ఆ పేర్ల మీదికే పోతుంది. సెంటు భూమి లేనివాళ్ల పేరు కరణం లెక్కల్లో ఎక్కడుంటుంది? అలాంటి ఇళ్లవాళ్లకు సంఘం పుస్తకమే ఆధారం. అందుకే మీ రిజిస్టర్ గురించి ఇంతగా చెప్తున్నాను.

లామినేషన్ మాత్రం ఒప్పుకోకండి. ఆ వేడికి ప్లాస్టిక్ జిగురు కాగితంలోకి కరిగిపోతుంది, మళ్లీ విడదీయలేం. మా నాన్నగారు సంఘ కార్యదర్శిగా ఉన్న రోజుల్లో చిరిగిన పేజీలకు నేనే సెల్లోటేప్ అంటించాను, మేలు చేస్తున్నాననుకున్నాను. ఇరవై ఏళ్లకు చూస్తే టేపు బెల్లం రంగుకు తిరిగింది. మెల్లగా పట్టి లాగితే అక్షరాలు టేపుతోనే లేచి వచ్చాయి. మూడు కుటుంబాల పేర్లు పోయాయి. ఆ బాధ నాకింకా తీరలేదు.

మీరు చేయాల్సింది ఇది. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, అట్టతో సహా ప్రతి పేజీ వరుసగా ఫోన్‌తో ఫోటో తీయండి. ఖాళీ పేజీలూ వదలొద్దు. పుస్తకాన్ని బలవంతంగా వెడల్పుగా తెరవొద్దు, వెన్ను విరుగుతుంది. తర్వాత గంజి పెట్టని ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, గోడకు తగలకుండా బీరువాలో పెట్టించండి. గంజి ఉంటే పురుగు పడుతుంది.

ఇక మీరున్న బెంగళూరులోనే, బెన్సన్ టౌన్ మిల్లర్స్ రోడ్డులో యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఉంది. 1910లో పెట్టిన ఆ కాలేజీ ఆర్కైవ్స్‌లో మిషన్ల పాత రికార్డులు భద్రపరిచారు. ముందే రాసి, అనుమతి తీసుకుని వెళ్లండి. పెన్ను కాదు, పెన్సిల్ పట్టుకెళ్లండి. మీ మిషన్ అమెరికన్ బాప్తిస్టులది కాబట్టి దొరల ఉత్తరాలు చాలావరకు అమెరికాలో, అట్లాంటాలోని వాళ్ల చరిత్ర సంఘం దగ్గర ఉన్నాయి.

ఈసారి ఊరెళ్తే పెళ్లిళ్ల రిజిస్టర్ కూడా అడగండి. 1872 క్రైస్తవ వివాహ చట్టం వచ్చాక పెళ్లిళ్లు రాసిపెట్టడం తప్పనిసరి. మీ తాతగారి పెళ్లి పేజీ దొరికితే, మీ నాయనమ్మగారు సంతకం పెట్టారో వేలిముద్ర వేశారో నాకు రాయండి.